పాఠం 12 : పెద్దయ్యాక కొత్త భాష – జపనీస్ తరగతిని ఎంచుకోవడం, నేర్చుకోవడం

12.0 పరిచయం

ఇంతకు ముందు పాఠంలో మాతృభాష కాని భాషను బడిలో పిల్లలు ఎలా నేర్చుకుంటారో చదివారు. ఈ పాఠంలో పెద్దవాళ్ళ సంగతి చూద్దాం. బడి వయసు దాటిపోయింది. ఇల్లు, పని, పిల్లల బాధ్యత ఉన్నాయి. అయినా ఒక కొత్త భాష నేర్చుకోవలసిన అవసరమో, కోరికో కలిగింది. అప్పుడు ఏం చేయాలి? ఎక్కడ చేరాలి? ఎంత కాలం పడుతుంది?

దీనికి ఉదాహరణగా జపనీస్ భాషను తీసుకుందాం. ఇందుకు కారణం ఉంది. శ్రీసిటీలో 2016లో ఇసుజు, 2023లో డైకిన్ కర్మాగారాలు మొదలయ్యాయి. జపాన్‌లో పనిచేయడానికి నైపుణ్యం గల కార్మికులను పంపే విషయమై 2021 జనవరిలో భారత, జపాన్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. దీనితో జపనీస్ నేర్పుతామనే ప్రకటనలు పట్టణాలలో కూడా కనిపిస్తున్నాయి. వాటిలో మంచివి ఉన్నాయి, మోసపుచ్చేవి కూడా ఉన్నాయి. అప్పు చేసి ఫీజు కట్టిన మనిషికి ఈ తేడా ముందే తెలియడం చాలా అవసరం.

12.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• ఏ ప్రయోజనం కోసం జపనీస్ నేర్చుకోవాలనుకుంటున్నారో స్పష్టంగా చెప్పగలుగుతారు;
• ఒక తరగతిలో మీకు ఎన్ని గంటలు చదువు, ఎన్ని నిమిషాలు మాట్లాడే అవకాశం దొరుకుతాయో లెక్క వేయగలుగుతారు;
• చేరే ముందు అడగవలసిన ప్రశ్నలను అడగగలుగుతారు;
• జపనీస్ నేర్చుకోవడంలో మీ తెలుగును ఎలా వాడుకోవాలో ఉదాహరణలతో వివరించగలుగుతారు.

12.2 ముందు ప్రయోజనం, తరువాత తరగతి

బట్టల దుకాణానికి వెళ్ళినప్పుడు ఎవరికి, ఏ సందర్భానికి అని మనం ముందే అనుకొని వెళ్తాం. భాషా తరగతి కూడా అంతే. "జపనీస్ నేర్చుకోవాలి" అనుకుంటే చాలదు. ఎందుకు అనేది తేల్చుకోవాలి.

(అ) జపాన్‌లో పని : వృద్ధుల సంరక్షణ, హోటళ్ళు, వ్యవసాయం, నిర్మాణం వంటి రంగాలలో పనిచేయడానికి 'నిర్దిష్ట నైపుణ్య కార్మికులు' అనే వీసా విధానాన్ని జపాన్ 2019 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టింది. దీనికి సాధారణంగా రెండు పరీక్షలు కావాలి. ఒకటి ఆ రంగంలో నైపుణ్య పరీక్ష. రెండవది భాషా పరీక్ష. భాషకు జె.ఎఫ్.టి.-బేసిక్ గాని, జె.ఎల్.పి.టి.లో ఎన్-4 స్థాయి గాని ఉండాలి. వృద్ధుల సంరక్షణ పనికి, ఆ పనిలో వాడే జపనీస్ మీద మరొక పరీక్ష కూడా ఉంటుంది.

(ఆ) ఇక్కడి జపాన్ సంస్థలో పని : ఏ స్థాయి కావాలో ఆ సంస్థే చెబుతుంది. ముందు అడిగి తెలుసుకొని, ఆ తరువాతే తరగతి వెతకాలి.

(ఇ) ఆసక్తి : జపాన్ సినిమాలు, కథలు, బొమ్మల పుస్తకాలు ఇష్టపడి నేర్చుకునేవారికి పరీక్ష తొందర లేదు. వారు నెమ్మదిగా, లోతుగా చదివించే తరగతిని ఎంచుకోవచ్చు.

ఇక్కడ పేర్కొన్న జె.ఎల్.పి.టి. అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష. ఇది 1984లో మొదలైంది. 2010 నుంచి ఇందులో ఐదు స్థాయిలు ఉన్నాయి. ఎన్-5 అన్నిటికన్నా సులువు, ఎన్-1 అన్నిటికన్నా కష్టం. ఈ పరీక్ష రాయడానికి వయోపరిమితి లేదు. పదో తరగతి సర్టిఫికెట్టు అక్కరలేదు. కింది స్థాయి రాయకుండా పై స్థాయికి నేరుగా కూర్చోవచ్చు. బడి చదువు మధ్యలో ఆగిన వారికి ఇది మంచి వార్త.

అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ పరీక్షలో మాట్లాడే భాగం లేదు. రాసే భాగం కూడా లేదు. అన్నీ సరైన జవాబును గుర్తించే ప్రశ్నలే. జె.ఎఫ్.టి.-బేసిక్‌లో కూడా అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించరు. అందువల్ల సర్టిఫికెట్టు చేతికి వచ్చినా నోరు తెరవలేని పరిస్థితి రావచ్చు. మంచాన ఉన్న వృద్ధురాలు "నీళ్ళు" అని అడిగినప్పుడు పనికివచ్చేది సర్టిఫికెట్టు కాదు, వినే చెవి, పలికే నోరు. పరీక్ష చేయించని ఈ పనిని తరగతి చేయించాలి. తరగతిని ఎంచుకోవడంలో అసలు కీలకం ఇదే.

పాఠ్యగత ప్రశ్నలు 12.1
ఖాళీలను పూరించండి.
1. జె.ఎల్.పి.టి.లో అన్నిటికన్నా సులువైన స్థాయి ________.
2. జె.ఎల్.పి.టి.లో ________ భాగం, ________ భాగం ఉండవు.

12.3 గంటల లెక్క

"మూడు నెలల్లో జపనీస్" అనే ప్రకటన చూశారనుకోండి. నెలలను బట్టి మోసపోవద్దు. గంటలు లెక్కపెట్టండి.

2009 వరకు ఉన్న పాత పరీక్షా విధానంలో ప్రతి స్థాయికి సుమారుగా ఎన్ని గంటల చదువు కావాలో ప్రకటించేవారు. అన్నిటికన్నా కింది స్థాయికి 150 గంటలు, సుమారు 800 మాటలు, 100 చిత్రాక్షరాలు. దాని పై స్థాయికి 300 గంటలు, సుమారు 1,500 మాటలు, 300 చిత్రాక్షరాలు. ఇవి దాదాపుగా ఇప్పటి ఎన్-5, ఎన్-4 స్థాయిలతో సమానం.

ఇప్పుడు ఆ ప్రకటనను పరిశీలిద్దాం. వారానికి మూడు రోజులు, రోజుకు ఒక గంట, మొత్తం 12 వారాలు అనుకుంటే :

12 × 3 × 1 = 36 గంటలు

ఎన్-5కు 150 గంటలు కావాలి. మిగిలిన 114 గంటలు ఎవరు చదవాలి? మీరే, మీ ఇంట్లో. 12 వారాలంటే 84 రోజులు. రోజుకు దాదాపు ఒక గంటా ఇరవై నిమిషాలు. ఇది కుదురుతుందా? కుదిరితే ఆ తరగతి మీకు సరిపోవచ్చు. కుదరకపోతే మూడు నెలలకు బదులు ఆరు నెలలో, ఎనిమిది నెలలో పెట్టుకోండి. అందులో తప్పేమీ లేదు.

ఇక రెండవ లెక్క. ఆ తరగతిలో 30 మంది ఉన్నారనుకుందాం. గంటలో సగం సమయం ఉపాధ్యాయుడు వివరిస్తాడు. మిగిలిన 30 నిమిషాలు 30 మందికి పంచితే ఒక్కొక్కరికి ఒక నిమిషం. 36 తరగతులకు కలిపి 36 నిమిషాలు. అంటే మూడు నెలలు ఫీజు కట్టి మీరు మాట్లాడేది ముప్పావు గంట కూడా కాదు. అదే 10 మంది ఉంటే ఒక్కొక్కరికి రోజుకు 3 నిమిషాలు, మొత్తం 108 నిమిషాలు.

మరి పెద్ద తరగతులన్నీ పనికిరానివేనా? కావు. అదే 30 మందిని ఇద్దరిద్దరిగా జతలు చేసి, అందరినీ ఒకేసారి మాట్లాడిస్తే, 30 నిమిషాలలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు వస్తాయి. మొత్తం 540 నిమిషాలు, అంటే 9 గంటలు. గది అదే, ఫీజు అదే, పద్ధతి మాత్రం వేరు. కాబట్టి "ఎంతమంది ఉన్నారు?" అనే ప్రశ్న కన్నా "మాట్లాడించే పద్ధతి ఏమిటి?" అనే ప్రశ్న ముఖ్యం.

పాఠ్యగత ప్రశ్నలు 12.2
1. వారానికి రెండు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున 20 వారాలు తరగతి జరిగితే మొత్తం ఎన్ని గంటలు?
2. ఎన్-5 కోసం ఇంటి దగ్గర ఇంకా ఎన్ని గంటలు చదవాలి?

12.4 చేరే ముందు అడగవలసినవి

ఫీజు కట్టక ముందు ఈ క్రింది ప్రశ్నలు అడగండి. జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. కనీసం రెండు చోట్ల అడిగి పోల్చుకోండి.

1. ఒక రోజు తరగతిలో కూర్చొని చూడనిస్తారా? చూడనిస్తే, విద్యార్థులు మాట్లాడుతున్నారా, లేక రాసుకుంటూ మాత్రమే ఉన్నారా అన్నది గమనించండి.

2. పాఠం చెప్పేవారు ఏ స్థాయి పరీక్ష పాసయ్యారు? ఎన్-5 పాసైన వ్యక్తి ఎన్-4 చెబుతానంటే ఆలోచించవలసిందే.

3. జపనీస్ లిపి ఎప్పుడు మొదలవుతుంది? నెల దాటినా ఇంగ్లీషు అక్షరాలలోనే రాయిస్తుంటే చదువు ముందుకు పోదు.

4. వినే అభ్యాసం ప్రతి వారం ఉంటుందా? ఎన్-5 పరీక్షకు మొత్తం 180 మార్కులు. పాసవడానికి 80 రావాలి. కాని అది చాలదు. వినే భాగంలో 60కి కనీసం 19, మిగిలిన భాగంలో 120కి కనీసం 38 విడివిడిగా రావాలి. మొత్తం మార్కులు 100 వచ్చినా, వినే భాగంలో 18 వస్తే తప్పినట్లే.

5. ఏ పుస్తకం వాడతారు? 'మిన్న నొ నిహొంగొ' చాలా చోట్ల వాడే పుస్తకం. ప్రారంభ స్థాయిలో దీనికి రెండు భాగాలు, మొత్తం 50 పాఠాలు. మూడు నెలల్లో ఎన్ని పాఠాలు పూర్తి చేస్తారో అడగండి. జపాన్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన 'ఇరొదొరి' అనే పుస్తకం జపాన్‌లో నివసించి పనిచేసేవారి కోసం తయారయింది. దానిని శబ్దపాఠాలతో సహా ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. ఆ పుస్తకాన్నే డబ్బుకు అమ్మజూపితే జాగ్రత్తపడండి.

6. ఫీజు వాయిదాలలో కట్టవచ్చా? మధ్యలో మానవలసి వస్తే ఎంత తిరిగి ఇస్తారు? నోటిమాట కాకుండా రసీదు మీద రాసి ఇమ్మనండి.

ఈ క్రింది మాటలు వినబడితే ఆగి ఆలోచించండి :

• "ఈ నెలలోనే జె.ఎల్.పి.టి. సర్టిఫికెట్టు ఇప్పిస్తాం." మన దేశంలో ఈ పరీక్ష జూలై, డిసెంబరు నెలలలో మాత్రమే జరుగుతుంది. దరఖాస్తు నెలల ముందే పెట్టుకోవాలి. ఫలితాలు రావడానికి కూడా వారాలు పడుతుంది. తరగతి నడిపేవారు ఇచ్చే సర్టిఫికెట్టు వేరు, ఇది వేరు.

• "ఉద్యోగం గ్యారంటీ." భాష నేర్పడం ఒక పని, విదేశానికి ఉద్యోగులను పంపడం వేరొక పని. పంపేవారు మన విదేశాంగ మంత్రిత్వ శాఖ దగ్గర నమోదైన ఏజెంటు అవునో కాదో 'ఇ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూసుకోండి.

• "మీ పాస్‌పోర్టు, అసలు సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచండి." తరగతిలో చేరడానికి ఇవి ఇవ్వనవసరం లేదు.

దగ్గరలో తరగతి లేనివారు ఇంటర్నెట్ తరగతిలో చేరవచ్చు. వారు కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. రికార్డు చేసిన పాఠాలు చూపించడం మాత్రమే అయితే మీరు మాట్లాడే సమయం సున్నా అని గుర్తించండి. అటువంటప్పుడు వారానికి రెండుసార్లు మాట్లాడుకోవడానికి తోటి అభ్యాసకుడిని మీరే వెతుక్కోవాలి.

12.5 మీ తెలుగే మీకు పెట్టుబడి

"ఇంగ్లీషే సరిగా రాదు, జపనీస్ ఎలా వస్తుంది?" అని చాలామంది వెనుకాడతారు. ఈ భయం అక్కరలేదు. జపనీస్ వాక్యం ఇంగ్లీషు కన్నా తెలుగుకే దగ్గరగా నడుస్తుంది. ఈ ఉదాహరణ చూడండి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వరకు రైలులో వెళ్తాను.
హైదరాబాద్ కర ఢిల్లీ మదె దెంష దె ఇకిమసు.

'నుంచి'కి 'కర', 'వరకు'కు 'మదె', 'రైలు'కు 'దెంష', 'లో'కు 'దె', 'వెళ్తాను'కు 'ఇకిమసు'. మాటల వరుస ఒక్కటి కూడా మారలేదు. క్రియ చివర వచ్చింది. 'నేను' అని చెప్పకపోయినా అర్థమవుతోంది. ప్రశ్న కావాలంటే తెలుగులో 'వెళ్తారా?' అని చివర దీర్ఘం చేరుస్తాం. జపనీస్‌లో 'ఇకిమసు క?' అని చివర 'క' చేరుస్తారు.

మరికొన్ని పోలికలు :

నేను చదివిన పుస్తకం – వతషి గ యొంద హొన్
తిని చూస్తాను – తబెతె మిరు
వస్తానని అన్నాడు – కురు తొ ఈమషిత

రెండవ ఉదాహరణ మరొకసారి చదవండి. 'తబెతె' అంటే తిని, 'మిరు' అంటే చూడడం. రుచి కళ్ళతో చూడం కదా! అయినా తెలుగులో 'తిని చూడు', 'వేసుకొని చూడు' అంటాం. జపనీయులూ అలాగే అంటారు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారికి దీనిని ఒక నియమంగా వివరించాలి. మీకు వివరించనక్కరలేదు. మూడవ ఉదాహరణలో 'తొ' మన 'అని' చేసే పనే చేస్తోంది.

ఉచ్చారణలో కూడా తెలుగువారికి కొన్ని సౌకర్యాలున్నాయి.

• హ్రస్వం, దీర్ఘం : 'వడ', 'వాడ' వేరని మనకు తెలుసు. అలాగే 'ఒబసన్' అంటే అత్తయ్య లేదా పిన్ని, 'ఒబాసన్' అంటే నాయనమ్మ లేదా అమ్మమ్మ.
• ద్విత్వం : 'అటు', 'అట్టు' వేరు. అలాగే 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ.
• సున్న : 'సంపద', 'సంత', 'సంకెల' – సున్న ఒకటే అయినా తరువాతి అక్షరాన్ని బట్టి పలుకు మారుతుంది. జపనీస్‌లోనూ ఇలాంటి అక్షరం ఉంది. 'షింబున్' (వార్తాపత్రిక), 'హొంతో' (నిజం), 'గింకో' (బ్యాంకు) పలికి చూడండి.
• దంత్య చ, జ : 'చుక్క'లో చు, 'చిలక'లో చి ఒకే రకంగా పలకం. 'చుక్క'లోని చు వంటి ధ్వని జపనీస్‌లో 'చుకుఎ' (బల్ల) అనే మాట మొదట ఉంది. 'జడ'లోని జ వంటి ధ్వని 'జష్షి' (పత్రిక) అనే మాట మొదట ఉంది.

జపనీస్ అక్షరాల వరుస కూడా మీకు కొత్త కాదు. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు. పూర్వం 'హ' వరుసను 'ప'గా పలికేవారని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అది తెలిస్తే మన క, చ, త, న, ప, మ, య, ర, వ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు. బౌద్ధంతో పాటు సంస్కృత వర్ణక్రమం కూడా చైనా మీదుగా జపాన్ చేరింది. భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు 736లో జపాన్ చేరి, 752లో నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేశాడు. 804లో చైనా వెళ్ళి 806లో తిరిగివచ్చిన కూకై అనే భిక్షువు సంస్కృత అక్షరాల అధ్యయనాన్ని జపాన్‌లో వ్యాప్తి చేశాడు.

ఇంత పోలిక ఉన్నా తెలుగు, జపనీస్ ఒకే కుటుంబ భాషలని అనుకోరాదు. జపనీస్‌కు తమిళంతో బంధుత్వం ఉందని సుసుము ఓనో అనే పండితుడు వాదించాడు. కాని ఎక్కువమంది భాషాశాస్త్రజ్ఞులు ఆ వాదాన్ని అంగీకరించలేదు.

12.6 తెలుగు దారి తప్పించే చోట్లు

పోలికలనే నమ్ముకుంటే కొన్ని చోట్ల పొరపాటు పడతాం.

• 'ఆవు ఉంది', 'పుస్తకం ఉంది' అని మనం ఒకే క్రియ వాడతాం. జపనీస్‌లో ప్రాణమున్న వాటికి 'ఇరు', ప్రాణం లేనివాటికి 'అరు' వాడాలి.
• మనుషులను 'ఇద్దరు', వస్తువులను 'రెండు' అంటాం. జపనీస్‌లో మనుషులకు, పలుచని వస్తువులకు, పొడవైన వస్తువులకు లెక్కించే మాటలు వేరువేరు.
• జపనీస్‌లో ల, ర భేదం లేదు. లక్ష్మి అనే పేరు 'రకుషుమీ' అవుతుంది.
• 'వ', 'గ' అనే చిన్న మాటలకు తెలుగులో సరిగ్గా సరిపోయేవి లేవు. వీటిని వాక్యాలతోనే నేర్చుకోవాలి.
• అన్నిటికన్నా పెద్ద శ్రమ లిపి. హిరగన, కతకన అనే రెండు అక్షరమాలలలో ఒక్కొక్క దానిలో 46 మూలాక్షరాలు. వీటితో పాటు కంజి అనే చిత్రాక్షరాలు. సాధారణ వాడుకకు ప్రభుత్వం నిర్ణయించిన కంజి 2,136. ఈ సంఖ్య చూసి బెదరవద్దు. వీటిలో 1,026 నేర్చుకోవడానికి జపాన్ పిల్లలకే ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ళు పడుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 12.3
1. 'నుంచి', 'వరకు' అనే తెలుగు మాటలకు సమానమైన జపనీస్ మాటలు రాయండి.
2. 'బడిలో పిల్లలు ఉన్నారు' అనడానికి 'ఇరు' వాడాలా, 'అరు' వాడాలా? ఎందుకు?

12.7 మొదటి రెండు నెలల ప్రణాళిక

రోజుకు ఒకేసారి గంట దొరకనివారు ఉదయం అరగంట, రాత్రి అరగంట పెట్టుకోండి.

1 నుంచి 16వ రోజు వరకు : రోజుకు మూడు హిరగన అక్షరాలు. పైకి పలుకుతూ రాయండి. నిన్నటివి, మూడు రోజుల కిందటివి చూడకుండా రాసి, తరువాత సరిచూసుకోండి.
17 నుంచి 32వ రోజు వరకు : అదే పద్ధతిలో కతకన. పరభాషా పదాలు, విదేశీయుల పేర్లు ఈ లిపిలో రాస్తారు. మీ పేరు రాయడంతో మొదలుపెట్టండి.
33వ రోజు నుంచి : రోజుకు ఐదు కొత్త మాటలు, రెండు వాక్యాలు. వాక్యం ముందు వినాలి, తరువాత పలకాలి, చివర రాయాలి.

ఉచ్చారణ గుర్తుకోసం మొదట్లో పక్కన తెలుగు అక్షరాలు రాసుకోవచ్చు. హిరగన పూర్తయ్యాక ఆ అలవాటు మానుకోండి. లేకపోతే కన్ను ఎప్పుడూ తెలుగు మీదే పడుతుంది.

పిల్లలు తప్పు మాట్లాడి నవ్వేస్తారు. పెద్దలు తప్పు వస్తుందేమోనని నోరు మూసుకుంటారు. పెద్దల చదువుకు ఎక్కువగా అడ్డుపడేది వయసు కాదు, ఈ సిగ్గే. మీ పిల్లలకు రోజూ ఒక జపనీస్ వాక్యం నేర్పండి. వాళ్ళు మీ తప్పులు పట్టుకుంటారు, మీకు అభ్యాసమూ అవుతుంది.

12.8 మీరు ఏం నేర్చుకున్నారు

• తరగతికి ముందు ప్రయోజనం నిర్ణయించుకోవాలి.
• పరీక్షలలో మాట్లాడే భాగం లేదు కాబట్టి, మాట్లాడించే తరగతిని ఎంచుకోవాలి.
• ప్రకటనలోని నెలలను కాక గంటలను, మాట్లాడే నిమిషాలను లెక్కించాలి.
• తెలుగు వాక్య నిర్మాణం, ఉచ్చారణ జపనీస్ నేర్చుకోవడానికి తోడ్పడతాయి. తేడాలను మాత్రం విడిగా అభ్యాసం చేయాలి.

12.9 పాఠాంత ప్రశ్నలు

1. సర్టిఫికెట్టు ఉన్నా మాట్లాడలేని పరిస్థితి ఎందుకు వస్తుంది? వివరించండి.
2. 20 మంది ఉన్న గంట తరగతిలో సగం సమయం మాట్లాడడానికి ఇస్తే, ఒక్కొక్కరుగా మాట్లాడిస్తే ఎంత సమయం వస్తుంది? జతలుగా మాట్లాడిస్తే ఎంత వస్తుంది?
3. మీకు దగ్గరలో ఉన్న ఏదైనా ఒక భాషా తరగతికి వెళ్ళి, 12.4లోని ప్రశ్నలు అడిగి, జవాబులు రాయండి. మీరు అందులో చేరతారా? కారణాలు తెలపండి.

12.10 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

12.1 : 1. ఎన్-5  2. మాట్లాడే, రాసే
12.2 : 1. 60 గంటలు  2. 90 గంటలు
12.3 : 1. కర, మదె  2. 'ఇరు' వాడాలి. పిల్లలు ప్రాణమున్నవారు కాబట్టి.